ఆసుపత్రికి చూడటానికి వెళ్తున్నారా? అంటువ్యాధుల టైమ్‌లో ఈ రూల్స్ తప్పక తెలుసుకోండి.. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులకు పూర్తి వివరాలు

తెలిసినవాళ్లు ఆసుపత్రిలో చేరారంటే చాలు, ఊరు ఊరంతా కదులుతుంది. ఆటోలో ఐదుగురు, బైకులపై ఇద్దరిద్దరు, చేతుల్లో బ్రెడ్డు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు. చూసి రాకపోతే రేపు మాట వస్తుందన్న భయం కూడా ఉంటుంది. మామూలు రోజుల్లో ఈ పరామర్శే పేషెంట్‌కు ధైర్యం. కానీ అంటువ్యాధి ప్రబలిన రోజుల్లో అదే పరామర్శ జబ్బుకు దారి అవుతుంది. వార్డులోంచి ఊళ్లోకి, ఊళ్లోంచి వార్డులోకి.

అందుకే అలాంటి సమయాల్లో ఆసుపత్రులు గేటు దగ్గరే ఆపేస్తాయి. ‘మా నాన్నను మేం చూసుకోవద్దా?’ అంటూ సెక్యూరిటీతో గొడవలు కూడా అక్కడే మొదలవుతాయి. అసలు ఈ రూల్స్ ఎందుకు? ఏ జబ్బుకు ఏ జాగ్రత్త? లోపలికి వెళ్లక తప్పనివాళ్లు ఏం చేయాలి? చూడనివ్వనప్పుడు కుటుంబం ఏం అడగొచ్చు? ఆ వివరాలు చూద్దాం.

సూర్యాపేట మరచిపోలేని ఏప్రిల్

తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్ తర్వాత రాష్ట్రమంతా మాట్లాడుకున్న పేరు సూర్యాపేట. కూరగాయల మార్కెట్ ప్రాంతం చుట్టూ కేసులు ఒకదాని వెంట ఒకటి పెరిగాయి. ఏప్రిల్ మూడో వారం దాటేసరికి జిల్లాలో కేసులు 80 దాటాయి. అప్పటి సీఎస్ సోమేశ్ కుమార్, డీజీపీ మహేందర్ రెడ్డి స్వయంగా సూర్యాపేట వచ్చి పరిస్థితి చూశారు.

అప్పట్లో పాజిటివ్ వచ్చినవాళ్లను హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికి తరలించేవారు. ఇంట్లో మిగతావాళ్లు క్వారంటైన్‌లో. పేషెంట్ ఎక్కడో 130 కిలోమీటర్ల అవతల, కుటుంబం ఇక్కడ గడప దాటలేని స్థితిలో. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉంటే పక్కన ఎవరూ లేకపోవడం అంటే ఏంటో ఈ ప్రాంతం అప్పుడు చూసింది. ఫోన్ ఒక్కటే ఆధారం.

సెకండ్ వేవ్‌లో చాలాచోట్ల ఇందుకు పూర్తి రివర్స్. బెడ్లు నిండిపోయి, సిబ్బంది చాలక, కుటుంబసభ్యులే కొవిడ్ వార్డుల్లో పేషెంట్ పక్కన కూర్చున్నారు. సేవ చేయడానికి వెళ్లినవాళ్లే కొద్దిరోజులకు పేషెంట్లుగా చేరిన ఇళ్లు ఉన్నాయి. పూర్తిగా గేట్లు మూసేస్తే పేషెంట్ కుంగిపోతాడు. పూర్తిగా తెరిస్తే ఇంటిల్లిపాదీ పడిపోతారు. విజిటర్ రూల్స్ అన్నీ ఈ రెండింటి మధ్య దారి వెతికేవే.

చూడటానికి వచ్చినవాళ్లకే ఎలా అంటుకుంటుంది?

ఇది కరోనాతో వచ్చిన కొత్త సంగతి కాదు. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అంతుచిక్కని జ్వరం 66 మందికి వస్తే 45 మంది చనిపోయారు. అది నిఫా వైరస్ అని ఆ తర్వాత ఏళ్లకు గానీ తేలలేదు. బాధితుల్లో ఎక్కువమందికి జబ్బు తగిలింది ఆసుపత్రుల్లోనే. నర్సులు, సిబ్బంది, పేషెంట్లను చూడటానికి వచ్చినవాళ్లు అందులో ఉన్నారు.

2018 మేలో కేరళలోని కోజికోడ్‌లో మళ్లీ అదే నిఫా. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో, కోజికోడ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మొదటి పేషెంట్‌కు దగ్గరగా ఉన్నవాళ్లకు పాకింది. స్కానింగ్ విభాగం బయట కారిడార్‌లో ఉన్నవాళ్లకు కూడా అక్కడే తగిలింది. 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ పేషెంట్‌కు సేవ చేసిన నర్సు లిని పుదుస్సేరి కూడా వారిలో ఒకరు.

2015లో దక్షిణ కొరియాది ఇంకో కథ. మెర్స్ అనే జబ్బు అక్కడ 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. సోకినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది పేషెంట్ల కుటుంబసభ్యులు, చూడటానికి వచ్చినవాళ్లే. అక్కడ కూడా మన దగ్గరలాగే పేషెంట్ పక్కన ఇంటివాళ్లు ఉండి సేవ చేయడం, చుట్టాలు గుంపుగా వచ్చి పరామర్శించడం అలవాటు. ఆ దెబ్బతో కొరియా తన విజిటింగ్ పద్ధతులనే మార్చుకోవాల్సి వచ్చింది.

మూడు చోట్లా గమనించాల్సింది ఒక్కటే. జబ్బు మొదట్లో ఇది అంటువ్యాధి అని ఎవరికీ తెలియదు. తెలిసేలోపే పరామర్శలు అయిపోతాయి. కాబట్టి ‘ఇంకా రిపోర్టు రాలేదు కదా, ఈలోపు చూసొద్దాం’ అనేది అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట.

ఒక్కరే ఉండాలి.. అదీ రోజూ ఆ ఒక్కరే

మన ఆసుపత్రుల్లో పేషెంట్ వెంట మనిషి లేకపోతే పని నడవదు. మందుల చీటీ పట్టుకుని ఫార్మసీకి పోవాలి, ల్యాబ్ నుంచి రిపోర్టు తేవాలి, అన్నం తినిపించాలి, బాత్రూమ్‌కు తీసుకెళ్లాలి. ‘ఎవరూ రావొద్దు’ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ పనులు ఆగవు. అందుకే చాలా ఆసుపత్రులు అనుసరించే పద్ధతి.. పేషెంట్‌కు ఒక్క అటెండెంట్, ఒక్క పాస్.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ఒక్కరే ఉండాలి అంటే ఒక టైమ్‌లో ఒక్కరు అనుకుంటున్నారు. పొద్దున కొడుకు, మధ్యాహ్నం కోడలు, రాత్రికి అల్లుడు, ఒకే పాస్ ముగ్గురి చేతులు మారుతుంది. అప్పుడు రూల్ ఉండీ లేనట్టే. మూడు ఇళ్లకు జబ్బు వెళ్లే దారి తెరుచుకున్నట్టే. ఒక్కరు అంటే రోజూ అదే మనిషి. తప్పనిసరిగా మారాల్సి వస్తే సిస్టర్‌కు చెప్పి, పాస్ మార్పించుకుని మారాలి.

ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లో ముందే తేల్చుకోవాలి. పెద్దకొడుకు కాబట్టి అతనే ఉండాలి, ఆడపిల్ల కాబట్టి ఆమే చేయాలి అని కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, ఆ జబ్బు టీకా వేయించుకున్నవాళ్లు లేదా అది ఇంతకుముందు వచ్చి తగ్గినవాళ్లు, ఇంట్లో చంటిపిల్లలు, ముసలివాళ్లు లేనివాళ్లు ఉండటం మేలు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసే వలస కూలీల పరిస్థితి వేరు. బిహార్ లాంటి దూరపు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ చుట్టాలు ఉండరు. తోటి కూలీయే అటెండెంట్ అవుతాడు. రాత్రికి అతను వెళ్లి పడుకునేది పదిమంది ఉండే గదిలోనే. అలాంటప్పుడు అటెండెంట్‌గా ఉన్న కూలీకి విడిగా పడుకునే చోటు, అన్ని రోజుల కూలి చూడాల్సింది మిల్లు యజమాని, మేస్త్రీ. లేదంటే ఒక్క జ్వరం మొత్తం షెడ్డును పడుకోబెడుతుంది. పేషెంట్‌కు తెలుగు రాకపోతే అతని భాష తెలిసినవాళ్ల ఫోన్ నంబర్ కేస్ షీట్ మీద రాయించాలి.

ఏ జబ్బుకు ఏ జాగ్రత్త?

అన్ని అంటువ్యాధులూ ఒకేలా పాకవు. అన్నింటికీ ఒకే భయం అక్కర్లేదు, ఒకే ధైర్యం కూడా పనికిరాదు.

• డెంగ్యూ, మలేరియా, చికున్‌గున్యా: ఇవి దోమల ద్వారా వస్తాయి. పేషెంట్‌ను ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే రావు. కానీ పేషెంట్‌ను కుట్టిన దోమ ఇంకొకరిని కుడితే ప్రమాదం. దోమతెర కట్టడం, పొడుగు చేతుల బట్టలు వేసుకోవడం ముఖ్యం. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కాబట్టి తెర పగలు కూడా ఉండాలి.

• ఫ్లూ, కరోనా: దగ్గు, తుమ్ము తుంపర్లతో, గాలి ఆడని గదుల్లో గాలి ద్వారా కూడా పాకుతాయి. మాస్క్, దూరం, తెరిచిన కిటికీ.. మూడూ ఉండాలి.

• టీబీ, తట్టు, ఆటలమ్మ: ఇవి గాలి ద్వారా పాకుతాయి. తట్టు వైరస్ పేషెంట్ గది నుంచి వెళ్లిపోయాక కూడా 2 గంటల వరకు గాలిలో ఉండగలదు. ఇలాంటి వార్డుల్లోకి మామూలు గుడ్డ మాస్క్ చాలదు, ఎన్-95 కావాలి. టీబీ విషయంలో సరైన మందులు మొదలై క్రమం తప్పకుండా వాడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కాబట్టి టీబీ పేషెంట్‌ను ఏళ్లపాటు దూరం పెట్టాల్సిన పని లేదు.

• వాంతులు, విరేచనాలు, కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లలో కొన్ని రకాలు: చేతులు, నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. ఇక్కడ మాస్క్ కన్నా సబ్బు ముఖ్యం. విరేచనాలు కలిగించే కొన్ని క్రిములపై శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బుతో కడుక్కోవాల్సిందే. వార్డులో పేషెంట్ మిగిల్చిన అన్నం, పండ్లు తినొద్దు.

• కళ్లకలక: చేతులు, టవల్, దిండు ద్వారా అంటుతుంది. కళ్లలోకి చూస్తే రాదు.

పేషెంట్‌కు ఏ జబ్బో తేలకపోతే? అన్నింటికన్నా గట్టి జాగ్రత్తే తీసుకోవాలి. డ్యూటీ డాక్టర్‌ను ‘ఇది ఎలా అంటుకుంటుంది, మేం ఏం వేసుకోవాలి?’ అని నేరుగా అడగండి. అది మీకు చెప్పాల్సిన సమాచారమే.

వీళ్లు అసలు వెళ్లొద్దు

• జ్వరం, దగ్గు, జలుబు, విరేచనాలు ఉన్నవాళ్లు. వార్డులో ఉన్నవాళ్లు ఇప్పటికే నీరసించి ఉంటారు. మీకు మామూలు జలుబు అనిపించింది వాళ్లకు న్యుమోనియా కావచ్చు.
• గర్భిణులు. ముఖ్యంగా ఆటలమ్మ, ఫ్లూ ఉన్న వార్డులకు.
• చిన్నపిల్లలు. ‘తాతను చూస్తా అని ఏడుస్తున్నాడు’ అని తీసుకెళ్లొద్దు, వీడియో కాల్ చేయించండి.
• 60 ఏళ్లు దాటినవాళ్లు, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు.

లోపలికి వెళ్లక తప్పకపోతే

ఇంటి దగ్గర: ఉంగరాలు, గాజులు, వాచీ తీసి పెట్టండి. వాటి కింద సబ్బు సరిగా వెళ్లదు. తిని వెళ్లండి, వార్డులో తినాల్సిన పని లేకుండా. అన్నం క్యారేజీ, నీళ్ల బాటిల్ విడిగా, మూత గట్టిగా ఉండేవి తీసుకెళ్లండి. మూటలు, దుప్పట్లు ఎక్కువ మోయొద్దు, తిరిగి వచ్చేటప్పుడు అవన్నీ ఇంటికే వస్తాయి.

గేటు దగ్గర: రిజిస్టర్‌లో సరైన పేరు, పనిచేసే ఫోన్ నంబర్ రాయండి. రేపు ఆ వార్డులో ఎవరికైనా జబ్బు తేలితే మీకు ఫోన్ రావాల్సింది ఆ నంబర్‌కే.

వార్డులో: మాస్క్ ముక్కు, నోరు రెండూ కప్పాలి. ముందు వాల్వ్ ఉన్న ఎన్-95 వద్దు, అది మీ ఊపిరిని బయటికి వదిలేస్తుంది కాబట్టి పక్కవాళ్లకు రక్షణ ఉండదు. పేషెంట్ మంచం మీద కూర్చోవద్దు. పక్క బెడ్ వాళ్లను పలకరిస్తూ తిరగొద్దు. ఫోన్ మాట్లాడటానికి మాస్క్ కిందికి లాగొద్దు. సెలైన్, ఆక్సిజన్ నాబ్ మీరు తిప్పొద్దు, సిస్టర్‌ను పిలవండి. ఆక్సిజన్ పెట్టిన చోట అగ్గిపుల్ల, అగరుబత్తి, హారతి కర్పూరం అసలే వద్దు. పూజ చేయించిన ప్రసాదం, విభూతి తెచ్చినా వెలిగించే పని మాత్రం పెట్టుకోవద్దు.

బయటికి వచ్చే దారి ఎటుందో వెళ్లగానే చూసుకోండి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేర్ సెంటర్‌గా మార్చిన హోటల్‌లో మంటలు చెలరేగి 10 మంది చనిపోయారు. కారిడార్‌లో, మెట్ల మీద జనం తక్కువుంటే అలాంటప్పుడు పేషెంట్లను త్వరగా దించొచ్చు. విజిటర్ల సంఖ్య తగ్గించడం వెనుక ఈ కారణం కూడా ఉంది.

బయటికి వచ్చేటప్పుడు: వాడిన మాస్క్‌ను ఆసుపత్రిలోని పసుపు కవర్ ఉన్న డబ్బాలో, గ్లౌజులను ఎరుపు కవర్ ఉన్న డబ్బాలో వేయండి. జేబులో పెట్టుకుని వచ్చి బస్టాండ్‌లో పడేయొద్దు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్‌ను కూడా తుడవండి. చేతులు కడుక్కుని మళ్లీ అదే ఫోన్ పట్టుకుంటే కడిగిన ఫలితం ఉండదు.

ఇంటికి వచ్చాక: బట్టలు విప్పి సబ్బు నీళ్లలో వేసి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. క్యారేజీని వేడినీళ్లు, సబ్బుతో విడిగా కడగండి. తర్వాతి రోజుల్లో జ్వరం, దగ్గు, ఒంటిపై దద్దుర్లు వస్తే దాచొద్దు. ఎన్ని రోజులు గమనించాలన్నది జబ్బును బట్టి మారుతుంది. నిఫా కాంటాక్టులను 21 రోజులు గమనిస్తారు. మీ విషయంలో ఎన్ని రోజులో డిశ్చార్జ్ రోజునే అడిగి తెలుసుకోండి.

కోదాడ, వాడపల్లి బోర్డర్ చెప్పిన పాఠం

కోదాడ వాళ్లకు అటు ఖమ్మం, ఇటు సూర్యాపేట, సరిహద్దు దాటితే విజయవాడ. మిర్యాలగూడ వాళ్లకు నల్లగొండ, హైదరాబాద్, కృష్ణా నది దాటితే గుంటూరు వైపు. జ్వరం తగ్గకపోతే మొదట ఊళ్లో ఆర్ఎంపీ, తర్వాత పట్నంలో ప్రైవేట్ ఆసుపత్రి, అక్కడి నుంచి ఇంకోటి.. ఇలా మారడం మామూలైపోయింది. కొరియాలో మెర్స్ అంతలా పాకడానికి ఒక కారణం ఇదే. తొలి పేషెంట్ జబ్బేంటో తేలేలోపు పలు ఆసుపత్రులు తిరిగాడు.

2021 మేలో ఇంకో సమస్య వచ్చింది. ఏపీ నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్స్‌లను కోదాడ దగ్గర రామాపురం క్రాస్ రోడ్డు సహా సరిహద్దు చెక్‌పోస్టుల్లో తెలంగాణ పోలీసులు ఆపారు. హైదరాబాద్‌లో బెడ్ ఖరారైతేనే అనుమతి అన్నారు. ఈ ఆదేశాలపై తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చింది. కోర్టు దారి తెరిచింది. కానీ బెడ్ ఉందో లేదో తెలియకుండా బయల్దేరితే రోడ్డు మీదే టైమ్ పోతుంది, పేషెంట్ వెంట ఉన్నవాళ్లూ అంతసేపు అదే బండిలో ఉంటారు.

అందుకే పేషెంట్‌ను మార్చే ముందు ఈ నాలుగు పనులు చేయండి.

• వెళ్లబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో తెలుసుకోండి, అంటువ్యాధి అనుమానం ఉందని ముందే చెప్పండి.
• ఇక్కడి డాక్టర్ దగ్గర రిఫరల్ లెటర్, రిపోర్టుల కాపీలు తీసుకోండి.
• 108కు ఫోన్ చేసినప్పుడు లక్షణాలు దాచకుండా చెప్పండి. సిబ్బంది మాస్కులు, గ్లౌజులతో సిద్ధంగా వస్తారు.
• వెంట ఒక్కరే వెళ్లండి. వెనక ఇంకో కారులో ఆరుగురు వద్దు.

లోపలికి రానివ్వకపోతే ఏం అడగాలి?

గేటు మూశారంటే సమాచారం కూడా మూసేయాలని కాదు. పేషెంట్ పరిస్థితి, ఇస్తున్న చికిత్స, అయ్యే ఖర్చు తెలుసుకునే హక్కు, రిపోర్టులు, కేస్ షీట్ కాపీలు అడిగే హక్కు ఉన్నాయని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన పేషెంట్ హక్కుల చార్టర్ చెబుతోంది. వాటిని ఇలా అడగండి.

• రోజుకు ఒకసారి, ఫలానా టైమ్‌కు డాక్టర్ లేదా సిస్టర్ ఫోన్ చేసి చెప్పేలా ఏర్పాటు. కుటుంబం తరఫున ఒకరి నంబర్ మాత్రమే ఇవ్వండి. పదిమంది పది సార్లు చేస్తే ఎవరికీ జవాబు దొరకదు.
• స్పృహలో ఉన్న పేషెంట్‌తో వీడియో కాల్. చార్జర్, ఇయర్‌ఫోన్లు పేరు రాసిన కవర్‌లో లోపలికి పంపండి.
• మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు, మాటలు రాని పిల్లలు, ప్రసవానికి వచ్చినవాళ్లు, చివరి దశలో ఉన్నవాళ్ల విషయంలో మినహాయింపు. గేటు దగ్గర కాదు, ఆర్ఎంఓ లేదా సూపరింటెండెంట్‌ను కలిసి కాగితం మీద రాసి అడగండి.

మనసు తట్టుకోలేకపోతే 14416 టెలి మానస్ నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. ఇది ఉచితం. పేషెంటే కాదు, ఇంట్లో వేచి చూస్తున్నవాళ్లూ మాట్లాడొచ్చు.

చేయి చేసుకుంటే జైలే

2020 ఏప్రిల్ 1న హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో కరోనాతో ఒకరు చనిపోగా, బంధువులు డ్యూటీ డాక్టర్లపై దాడికి దిగారు. దేశంలో ఇలాంటివి పలుచోట్ల జరగడంతో కేంద్రం అదే నెల 22న ఎపిడెమిక్ డిసీజెస్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. 1897 నాటి ఆ చట్టానికి చేసిన ఈ సవరణ సెప్టెంబర్‌లో పార్లమెంట్ ఆమోదం పొందింది. దీని ప్రకారం అంటువ్యాధి సమయంలో వైద్య సిబ్బందిపై దాడి చేస్తే 3 నెలల నుంచి 5 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. తీవ్రంగా గాయపరిస్తే 6 నెలల నుంచి 7 ఏళ్ల జైలు, లక్ష నుంచి 5 లక్షల వరకు జరిమానా. ఇది నాన్ బెయిలబుల్ కేసు.

సెక్యూరిటీ గార్డు రూల్ పెట్టినవాడు కాదు, పాటించేవాడు. ఫిర్యాదు ఉంటే సూపరింటెండెంట్‌కు, కలెక్టరేట్ ప్రజావాణికి రాతపూర్వకంగా ఇవ్వండి.

చివరి చూపు సంగతి

అన్నింటికన్నా కష్టమైన విషయం ఇది. కరోనా మొదట్లో ‘ముఖం కూడా చూడనివ్వరు’ అన్న ప్రచారం జరిగింది. నిజానికి 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో.. సిబ్బంది బ్యాగ్ జిప్ తీసి ముఖం చూపించొచ్చని, శరీరాన్ని తాకని మతాచారాలు చేసుకోవచ్చని స్పష్టంగా ఉంది. స్నానం చేయించడం, ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం మాత్రం వద్దన్నారు. దహనం తర్వాత అస్థికలతో ప్రమాదం లేదని కూడా అందులో చెప్పారు. అప్పట్లో ఈ సంగతి తెలియక చివరి చూపు అడగకుండానే వెనక్కి వచ్చేసినవాళ్లు ఎందరో. జబ్బును బట్టి రూల్ మారొచ్చు. కాబట్టి మార్చురీ దగ్గర ‘ముఖం చూడొచ్చా, ఎంత దూరం నుంచి, ఎంతమంది?’ అని అడగండి.

స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టుకోండి

1. పేషెంట్‌కు ఒక్కరే అటెండెంట్, రోజూ అదే మనిషి.
2. ఒంట్లో బాగోలేనివాళ్లు, పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు వెళ్లొద్దు.
3. రిపోర్టు రాకముందు పరామర్శ వద్దు.
4. వెళ్లేముందు, వచ్చాక చేతులు. లోపల ఉన్నంతసేపు మాస్క్.
5. రోజుకు ఒక ఫోన్ అప్‌డేట్, ఒక వీడియో కాల్ అడగండి.
6. ఆసుపత్రి మార్చాలంటే ముందు ఫోన్, తర్వాతే బండి. అంబులెన్స్‌కు 108.

చూడటానికి రాలేదని ఎవరైనా మాట అంటే అననివ్వండి. ఆటోకు పెట్టే డబ్బులు మందులకు పంపండి, వాళ్లింట్లో పిల్లలకు వారం రోజులు అన్నం వండి గడప దగ్గర పెట్టండి. పేషెంట్ డిశ్చార్జ్ అయ్యాక, డాక్టర్ సరే అన్నాక, తీరిగ్గా వెళ్లి పలకరించండి.